రావద్దని కట్టిన నల్ల కంబళి

అనగనగా ఎక్కడో ఉత్తరాన, మబ్బుల చూరు కింద ఒక ఊరుండేదట తల్లీ. చలికాలం వస్తే చాలు, ఆ ఊళ్ళో ఇళ్ళూ వాకిళ్ళూ మంచులో మునిగిపోయేవట. మంచంటే మన పొద్దుటి పొగమంచనుకునేవు. కాదు. బియ్యప్పిండి జల్లించి పోసినట్టు గుట్టలు గుట్టలుగా పడే మంచు.

ఆ ఊళ్ళో పల్మో అని ఒక కొత్త కోడలు. ఆమె మొగుడు నొర్బు ఉన్ని అమ్ముకొద్దామని కొండ అవతలికి వెళ్ళాడు. తిరిగొస్తుంటే మంచు తుఫాను పట్టుకుంది. అవతలి గట్టున రాతి గుడిసెలో ఆగిపోయాడు. గుడిసెకీ ఊరికీ మధ్య ఒక ఏటవాలు కొండ కింది దారి, అంతే. అతని పొయ్యి పొగ పల్మోకి ఇంట్లోంచే కనిపించేది.

అంత దగ్గరుంటే రావచ్చుగా అంటావేమో. చేటలో పిండి పోసి వంచావనుకో, ఏమవుతుంది? మొత్తం ఒక్కసారే జారుతుంది కదూ. ఆ కొండ మీద మంచూ అంతే. కింద నడిచే మనిషిని కప్పేస్తుంది.

కొండ పైభాగం గుడిసెలోంచి కనబడదు, ఊళ్ళోంచి కనబడుతుంది. అందుకని ప్రమాదం ఉన్నన్నాళ్ళూ మిద్దె మీద నల్ల కంబళి కట్టేవారు. రావద్దని దానర్థం. అదీ ఎవరి మొగుడు అవతలుంటే ఆవిడే కట్టాలట.

"నా చేత్తోనే ఆయన్ని రావద్దనాలా అత్తా? నువ్వు కట్టకూడదా?" అంది పల్మో.

"నేను కడితే వాడు వింటాడటే? ముసల్దానికి అన్నీ భయాలే అనుకుని బయల్దేరతాడు. నువ్వు వద్దంటేనే ఆగుతాడు" అంది అత్తగారు.

అప్పుడు పల్మో కళ్ళు తుడుచుకుని కంబళి కట్టింది.

ఆ తర్వాత గాలికి ముడి ఊడిపోయింది. కంబళి ఎగిరి ఎక్కడో పడింది. పల్మో మోకాలి లోతు మంచులో దేవులాడి, తెచ్చి మళ్ళీ కట్టింది. వేళ్ళు కొయ్యబారిపోయాయి పాపం.

ఆ తర్వాత తుఫాను ఆగింది. ఆకాశం కడిగిన పళ్ళెంలా మెరిసింది.

"ఎండొచ్చినా నల్ల కంబళేనా? మొగుడి మీద అలకేమిటే నీకు?" అని నవ్వింది పక్కింటి యాంగ్జిన్.

పల్మో చెయ్యి ముడి మీదకి వెళ్ళింది. అవతల నొర్బు మూట భుజానేసుకుని, ఇటే చూస్తూ నిలబడ్డాడు. ముడి విప్పితే చాలు, పొద్దు వాలేలోపు ఇంట్లో ఉంటాడు.

"కొత్త మంచు ఇంకా సర్దుకోలేదమ్మా. ఎండ తగిలితే మరీ తొందరగా జారుతుంది" అంది అత్తగారు. "నాకు మాత్రం నా కొడుకుని చూసుకోవాలని ఉండదా?"

పల్మో ముడి ఇంకాస్త బిగించింది. అవతల నొర్బు చాలాసేపు అలాగే నిలబడి, మెల్లగా మూట దించేశాడు.

మధ్యాహ్నం కొండ గుర్రుమంది. పైనుంచి మంచు మొత్తం విరిగి, దారినీ బండల్నీ ఊడ్చుకుంటూ లోయలోకి పోయింది. తెల్లటి దుమ్ములో గుడిసె కనిపించలేదు. పల్మో అటే చూసింది. చూడగా చూడగా ఆ దుమ్ములోంచి సన్నగా, నల్లగా పొయ్యి పొగ లేచింది.

అప్పుడు పల్మో అక్కడే మంచులో కూలబడి ఏడ్చింది.

మిగిలిన మంచు గట్టిపడ్డాక అత్తగారు కొండకేసి చూసి తలూపింది. పల్మో కంబళి విప్పేసింది. అవతల ముందు చీమంత, ఆ తర్వాత మేకపిల్లంత, ఆ తర్వాత నిండు మనిషంత అయ్యాడు నొర్బు.

"ఇన్నాళ్ళూ వద్దు వద్దన్నావుగా. మళ్ళీ వెళ్ళిపోనా?" అన్నాడు వాకిట్లో నిలబడి.

పల్మో అతని కోటు అంచు గుప్పిట్లో పట్టుకుని లోపలికి నడిచింది. గడప దాటాక కూడా వదల్లేదట.

మంచు కరిగి ఏటికి,
మనిషి చేరె ఇంటికి,
కథ వెళ్ళె కంచికి,
కునుకు వచ్చె కంటికి.