మాణిక్యాంబ గొంతులో జీర

దస్తగిరి మాస్టారు మైకులో ఏనాడూ "హలో, హలో" అనలేదు. మైకు సెట్టు పెట్టేవాళ్లందరికీ అది దినచర్య, ఆయనకు మాత్రం గిట్టేది కాదు. సభకు గంట ముందు, ఆ రోజు మాట్లాడబోయే మనిషినో పాడబోయే మనిషినో పట్టుకుని మైకు లేకుండా నాలుగు మాటలు చెప్పించుకునేవారు. చేయి చాపితే అందేంత దూరంలో నిలబడి, తల వంచుకుని వినేవారు. తర్వాత అదే మనిషిని మైకు ముందు నిలబెట్టి, తాను మైదానం చివరికి, వేరుశెనక్కాయల బండి ఆగే చోటికి నడిచి వెళ్లి అక్కడి నుంచి వినేవారు. దగ్గర విన్న గొంతూ దూరాన విన్న గొంతూ ఒకటే అయితే వచ్చి తన బల్ల దగ్గర కూర్చునేవారు. కాకపోతే సెట్టు సరిచేసి మళ్లీ నడిచేవారు. చీరాలలో ముప్ఫై ఎనిమిదేళ్లు అలాగే మైకు పెట్టారు. ఆయన మోకాళ్లు అరిగింది ఆ నడకల్లోనేనని నా అనుమానం.

పేరాల వైపు ఒక పాత నూలు గోడౌనులో ఆదివారం ఉదయం పూట ఆయన చుట్టూ చేరేవాళ్లం మేము. మేమంటే పాత సెట్ల పిచ్చివాళ్లం. గాజు వాల్వు ఎర్రగా వెలిగితే తప్ప ఆంప్లిఫయరు ఆంప్లిఫయరు కాదనీ, ఉమ్మెత్త పువ్వులా విచ్చుకున్న రేకు హారన్‌లోంచి వస్తే తప్ప పాట పాట కాదనీ మా నమ్మకం. ఒకరి సెట్టు పక్కన ఒకరి సెట్టు పెట్టి, ఒకే రికార్డు రెండింట్లోనూ వేసి, ఏది గొప్పదో మధ్యాహ్నం భోజనాల వేళ దాకా వాదించుకునేవాళ్లం. కాకి పిల్ల కాకికి ముద్దు కదా, ఎవరూ ఓడిపోయేవారు కాదు. నేను తపాలా ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైనవాణ్ణి. నాకు సొంత సెట్టు లేదు. అందుకే నా మాటకు కాస్త విలువుండేది.

మాలో ముక్తేశ్వరరావు పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పేవాడు. మాస్టారి దగ్గర పని నేర్చుకుని, రెండేళ్లు కూర్చుని, ఒక్క మరను కూడా ఇంకొకరి చేత బిగించనివ్వకుండా సొంత ఆంప్లిఫయరు కట్టుకున్నాడు. దానికి రోజ్‌వుడ్ పెట్టె చేయించాడు. ముందువైపు ఇత్తడి రేకు మీద తన పేరు చెక్కించాడు. ఆ రేకును ధోవతి అంచుతో తుడుచుకుంటూ ఒకరోజు మాస్టారిని అడిగాడు: "మాస్టారూ, మన చేత్తో చేసినదాన్ని చూసి మనం గర్వపడొచ్చా? గర్వం మనిషికి కూడదంటారు పెద్దలు. నాకేమో దీన్ని చూస్తే ఛాతీ పొంగకుండా ఆగటం లేదు."

మాస్టారు ఆ ఇత్తడి రేకు వంక కాసేపు చూసి, "ఆదివారం దీన్ని పట్టుకురా" అన్నారు.

ఆ ఆదివారం మామూలు ఆదివారం కాదని మాకందరికీ తెలుసు. నాటక పరిషత్తు ఆ నెలాఖరున మొదలవుతోంది. తొలిరోజు సాయంత్రం పద్యనాటకాల నటి మాణిక్యాంబ గారికి సన్మానం. డెబ్బయి ఆరేళ్ల ఆవిడ ఆ వేదిక మీద ఒక్క పద్యం పాడి, ఇక రంగస్థలానికి సెలవు చెప్తానన్నారు. ముప్ఫై ఎనిమిదేళ్లుగా ఆవిడ పాడిన ప్రతిసారీ ఈ ఊళ్లో మైకు పెట్టింది దస్తగిరి మాస్టారే. ఈసారి మోకాళ్లు మొరాయించాయి. నిచ్చెన ఎక్కలేరు, మైదానం చివరికి పదిసార్లు నడవలేరు. ఆ సభకు మైకు పెట్టే మనిషిని ఆదివారం చెప్తానన్నారు. ముక్తేశ్వరరావుకు అది ఉద్యోగంలో ప్రమోషన్ కన్నా పెద్దది. ఆ వారమంతా సరిగ్గా అన్నం తినలేదని వాళ్లావిడే నాతో అంది.

పోటీకి వచ్చిన రెండోవారు చలమయ్య గారు. ఆయనకు రెండు కోల్డ్ స్టోరేజీలు, ఒక పెద్ద నోరు. ఎక్కడో మూతపడిన సినిమా హాలు నుంచి తెచ్చిన విదేశీ హారన్లు ఆయనవి, ఒక్కొక్కటి ఏనుగు చెవి అంత. అవి ఏ ఏడు పుట్టాయో, ఏ ఓడలో వచ్చాయో, ఎన్ని చేతులు మారాయో చెప్పటం మొదలుపెడితే వినేవాడికి గడ్డం పెరగాల్సిందే. మనిషి మాత్రం మంచివాడు.

మొదట మా అలవాటు ప్రకారం రికార్డు వేశాం. అదెప్పుడూ ఒకటే రికార్డు, నా చిన్నప్పటికే పాతబడిన గ్రామఫోను పాట. ఆ గాయని ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో కూడా మాకు కంఠస్థం. చలమయ్య గారి సెట్టులో పాటతో పాటు రికార్డు మీది గీతలన్నీ బూరెల మూకుడులా చిటపటలాడాయి. ముక్తేశ్వరరావు సెట్టులో ఒక్క చిటుకు లేదు. ఎనభై ఏళ్ల నాటి పాట నిన్న పాడినట్టు, వెన్నపూసలా జారింది. మాలో ఒకాయన కళ్లు తుడుచుకున్నాడు. ఏది గొప్పదో చేతులెత్తమంటే తొమ్మిదిమందిలో ఎనిమిదిమందిమి ముక్తేశ్వరరావుకే ఎత్తాం. దాచటం దేనికి, ముందు లేచిన చెయ్యి నాదే. తొమ్మిదోవారు చలమయ్య గారు.

ముక్తేశ్వరరావు మాస్టారి వైపు తిరిగాడు. ఆయన గుమ్మం వైపు చూస్తున్నారు. గోడౌను ముందు ఆటో ఆగింది. అందులోంచి మాణిక్యాంబ గారు దిగారు.

ఆవిణ్ణి దగ్గర నుంచి చూడటం నాకదే మొదలు. సన్నటి మనిషి, నుదుట పావలా కాసంత బొట్టు, నడకలో మాత్రం ఇంకా కిరీటం పెట్టుకున్న ఠీవి. మాస్టారు కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, మైకు లేకుండా ఒక పద్యం పాడమని అడిగారు. ఆవిడ ఎందుకని అడగలేదు. ఆయన అలవాటు ఆవిడకు తెలుసు. ఆయన తన పాత టేపు రికార్డరు నొక్కి, చేయి చాపితే అందేంత దూరంలో తల వంచుకుని నిలబడ్డారు.

ఆ గొంతు గురించి ఈ ప్రాంతం వాళ్లకు చెప్పక్కర్లేదు, పైవాళ్లకు చెప్పాలి. అది తీయటి గొంతు కాదు. పందొమ్మిదో ఏట జ్వరంతో ఉండి, మైకు లేని ఊళ్లలో వరసగా ఎనిమిది ఆటలు ఆడితే ఆ గొంతు పగిలిందట. నెల తర్వాత తిరిగొచ్చింది కానీ, వెంట ఒక జీరను తెచ్చుకుంది. రాగం పైకి ఎక్కేటప్పుడు కొత్త పట్టుచీర మడత విప్పినట్టు గరగరమంటుంది. నాటకాల కాంట్రాక్టరు ఆవిణ్ణి వైద్యం చేయించుకోమన్నాడు. లేదంటే రికార్డుల్లో గాయనుల్లా నున్నగా పాడటం నేర్చుకోమన్నాడు. ఆవిడ రెండూ చెయ్యలేదు. తర్వాత తర్వాత ఆ జీర వినటానికే బాపట్ల నుంచీ వేటపాలెం నుంచీ జనం బళ్లు కట్టుకుని వచ్చారు.

పద్యం అయ్యాక మాస్టారు ఆ టేపును ముందు చలమయ్య గారి సెట్టుకు కలిపారు. కాస్త డబ్బాలో కూర్చుని పాడినట్టు ఉంది కానీ, ఆవిడే. తర్వాత ముక్తేశ్వరరావు సెట్టుకు కలిపారు. మళ్లీ అదే వెన్నపూస. మేమంతా తలలూపాం. మాణిక్యాంబ గారు తల ఊపలేదు. చివరిదాకా విని, మాస్టారిని అడిగారు.

"బాగా పాడింది. ఎవరు మాస్టారూ ఈవిడ?"

ఇందాక మీరు పాడినదేనని చెప్పారు మాస్టారు.

"పద్యం నాది. గొంతు నాది కాదు," అన్నారావిడ. కోపంగా కూడా అనలేదు. ముక్తేశ్వరరావు వైపు తిరిగి, "నాయనా, ఆ జీరను యాభై ఏడేళ్లు వెంటేసుకు తిరిగాను. అది తీసేసి నన్ను మెచ్చుకుంటే ఆ మెప్పు ఎవరికి చెందాలి?" అన్నారు.

చేతులెత్తిన ఎనిమిదిమందీ నేల చూపులు చూశారు. మాస్టారు ఏదైనా అంటారేమో అని ఎదురుచూశాను. ఆయన కళ్లజోడు తీసి చొక్కాకు తుడుచుకుంటూ కూర్చున్నారు.

ముక్తేశ్వరరావుకు ఎవరూ చెప్పాల్సిన అవసరం లేకపోయింది. ఏం జరిగిందో వాడికి అప్పుడే తెలిసింది, వాడి మొహం చూసి నాకూ తెలిసింది. ఈ రెండేళ్లూ వాడు సెట్టును సరిచేసుకున్నది మా ఒక్క రికార్డుతోనే. ఆ రికార్డు మీది చిటపట పోగొట్టటానికి లోపల ఒక కండెన్సరు పెట్టాడు. అది శబ్దంలో పైనున్న గరుకును మింగేస్తుంది. కాస్త తగ్గేసరికి ఇంకాస్త పెద్దది పెట్టాడు, ఆ తర్వాత ఇంకా పెద్దది. చివరికి చిటపట మొత్తం పోయింది. సెట్టు మొత్తంలో వాడు అన్నిటికన్నా గొప్పగా చెప్పుకునేది ఆ కండెన్సరు గురించే. అది రికార్డు మీది గరగరనూ మాణిక్యాంబ గారి గొంతులో జీరనూ వేరుచేసి చూడదు. దానికి రెండూ ఒకటే.

వాడు లేచి సెట్టు ఆపేశాడు. వాల్వులు చల్లబడేదాకా ఆగాడు. పెట్టె తిరగేసి అడుగు విప్పాడు. లోపల నిలవున్న కరెంటును స్క్రూడ్రైవరుతో ఇనప చట్రానికి తాకించి తీసేశాడు. ఎడమ చేయి నడుము వెనక పెట్టుకుని, కుడి చేత్తో మాత్రమే లోపలికి వెళ్లాడు. అది మాస్టారు అందరికీ చెప్పే మొదటి పాఠం. వాల్వు సెట్టు ఆపేసినా కాటేస్తుంది, రెండు చేతులూ పెడితే ఆ దెబ్బ గుండెల మీదుగా పోతుంది.

"ఏందయ్యా, గెలిచిన సెట్టును విప్పుతావా?" అన్నారు చలమయ్య గారు. అంటూనే జేబులోంచి టార్చి తీసి వెలుతురు పట్టారు. ఆ పూట నాకు ఆయన మీద గౌరవం పెరిగింది.

ముక్తేశ్వరరావు ఆ వెలుతురులోకి వంగాడు. కండెన్సరు కత్తిరించి చొక్కా జేబులో వేసుకున్నాడు. రెండేళ్ల కష్టం మరి. పెట్టె మూసి, వాల్వులు ఎర్రబడేదాకా కాచుకుని, టేపు మొదటి నుంచి తిప్పాడు.

మొదటి పాదం తిన్నగా సాగింది. రెండో పాదంలో రాగం పైకి ఎక్కినచోట జీర వచ్చింది. అది హారన్‌లోంచి వచ్చినట్టు లేదు. ఆవిడ మా మధ్య లేచి నిలబడి పాడినట్టుంది. డబ్బా మోత లేదు, వెన్నపూస లేదు, ఆ పగిలిన గొంతే ఉంది. మాణిక్యాంబ గారు కుర్చీలో నిటారుగా కూర్చుని, పైట సర్దుకుని, పద్యం అయ్యేదాకా ఎవరి వంకా చూడలేదు. డెబ్బయి ఆరేళ్ల మొహంలో అంత అతిశయం నేను మరెక్కడా చూడలేదు, అది ఆవిడకు ఎంత అందంగా ఉందో చెప్పలేను.

"ఇదీ," అన్నారావిడ చివరికి.

తర్వాత మాటవరసకు మా రికార్డు మళ్లీ వేసి చూశాం. చిటపట మొత్తం తిరిగొచ్చింది. మాస్టారు గూట్లోంచి తన పాత మైకు తీశారు. ముప్ఫై ఎనిమిదేళ్లుగా దాన్ని గుడ్డసంచిలో తానే మోశారు, ఇంకొకరి చేతికి ఇవ్వగా మేం చూడలేదు. సంచితో సహా దాన్ని ముక్తేశ్వరరావు చేతిలో పెట్టి, సన్మానం నాడు మూడింటికల్లా మైదానంలో ఉండమన్నారు. వాడు అడిగిన ప్రశ్నకు మాత్రం ఆ రోజు కూడా జవాబు చెప్పలేదు. వాడూ మళ్లీ అడగలేదు.

సన్మానం నాడు మూడింటికి వాడు మాణిక్యాంబ గారిని వేదిక పక్కకు పిలిచి, మైకు లేకుండా పాడించుకుని, తల వంచుకుని విన్నాడు. తర్వాత వేరుశెనక్కాయల బండి దాకా నడిచాడు. తిరిగొచ్చాడు, మళ్లీ నడిచాడు. నేను లెక్కపెట్టాను, ఏడుసార్లు. ఎనిమిదోసారి వెళ్లేసరికి బండి పక్కన కుర్చీ వేసుకుని, మోకాలు చాపుకుని మాస్టారు కూర్చుని ఉన్నారు. ఆయన పక్కన నేను.

ఐదున్నరకు ఆవిడ పాడారు. మైదానంలో వెయ్యిమందికి పైనే ఉంటారు. రాగం పైకెక్కినచోట బండివాడు శెనక్కాయలు కొలిచే డబ్బాను అలాగే గాల్లో పట్టుకుని ఆగిపోయాడు. పద్యం అయిపోయాక చప్పట్లు ఎంతసేపు మోగాయో నాకు గుర్తు లేదు. నేనూ కొడుతున్నాను కదా.

సభ ముగిసి జనం మా పక్క నుంచే ఇళ్లకు మళ్లారు. చీకటి పడటానికి ఇంకా వేళ ఉంది, మొహాలన్నీ కనిపిస్తున్నాయి. మాణిక్యాంబ గొంతు ఇంకా అలాగే ఉందిరా అంటున్నారు. తాతయ్య చెప్తే నమ్మలేదంటున్నారు. ఆ జీర, ఆ జీర అంటున్నారు. గుంజ మీది హారన్ల వంక తల ఎత్తినవాడు లేడు. బల్ల మీద ఇత్తడి రేకు సాయంత్రపు ఎండకు తళతళలాడుతోంది, ఆగి చదివినవాడూ లేడు. ముక్తేశ్వరరావు మైకు సంచి భుజాన వేసుకుని వచ్చి మా ముందు నిలబడ్డాడు.

మాస్టారు ఆఖరి మనిషి దాటిపోయేదాకా ఆగారు.

"ముక్తేశం, ఇంతమంది ఇటే పోయారు కదా. ఒక్కడైనా మైకు మాట ఎత్తాడా?"

"లేదు మాస్టారూ."

"అయితే గర్వపడు," అన్నారాయన, వాడి భుజం ఆసరాతో లేస్తూ. "తనివితీరా."