సన్యాసయ్య మూడో గేరు

అనగనగా ఒక ఊళ్ళో, ఇంటి ముందు ముగ్గులకన్నా టైరు గుర్తులే ఎక్కువ కనిపించే ఊళ్ళో, ఒక లారీ డ్రైవరు ఉండేవాడు. ఊరి పేరు సాలూరు. డ్రైవరు పేరు సన్యాసయ్య. ఆయన కూతురి పేరు పైడితల్లి. పేర్లు ముందే చెప్పేస్తున్నాను పండూ, మధ్యలో నేను తడుముకుంటే నువ్వు అందించాలి.

సాలూరు దాటగానే కొండలు. ఆ కొండల మీద ఘాట్ రోడ్డు, విప్పేసిన తలపాగాలా మెలికలు తిరుగుతూ పోతుంది. ముప్పై ఏళ్ళు సన్యాసయ్య ఆ రోడ్డు మీద లారీ నడిపాడు. ఉప్పు మోశాడు, సిమెంటు మోశాడు, ఉల్లిపాయలు మోశాడు. ఒక్క కోడిపిల్లను కూడా తొక్కలేదు.

క్లీనర్లుగా చేరిన వాళ్ళందరికీ ఆయన ఒకటే మాట చెప్పేవాడు. ఏ గేరులో కొండ ఎక్కావో ఆ గేరులోనే దిగు, బ్రేకు మీద భారం వెయ్యకు అని. ఆ మాట విన్న క్లీనర్లందరూ తర్వాత మంచి డ్రైవర్లయ్యారు.

అప్పుడు ఆయనకు చక్కెర జబ్బు వచ్చింది. ఆ తర్వాత కుడి పాదం మొద్దుబారింది. ఒకరోజు నడుస్తుంటే చెప్పు జారిపోయింది, నాలుగు ఇళ్ళు దాటేదాకా ఆయనకు తెలియలేదు. ఆ సాయంత్రమే లారీని ఓనరు ఇంటి ముందు నిలిపి, తాళాలు ఆయన చేతిలో పెట్టేశాడు.

"నా కాలికి బ్రేకు తెలీట్లేదు బాబూ. రోడ్డు మీద జనం తిరుగుతారు" అన్నాడు.

ఎవరూ ఆయన్ను మానమనలేదు. తనే మానేశాడు. అలాంటి మనిషి.

ఆ తర్వాత రెండేళ్ళు ఇంట్లో కూర్చున్నాడు. పొద్దున్నే పేపరు చదివేవాడు, మొక్కలకు నీళ్ళు పోసేవాడు, వీధిలో లారీ వెళితే దాని చప్పుడు విని ఏ పార్టు అరిగిందో చెప్పేవాడు. మెల్లగా కొన్ని మర్చిపోవడం మొదలుపెట్టాడు. మొదట కళ్ళజోడు ఎక్కడ పెట్టాడో మర్చిపోయాడు. ఆ తర్వాత మందు వేసుకున్నాడో లేదో మర్చిపోయాడు. పైడితల్లి వీటికి కంగారు పడలేదు. అందరికీ జరిగేవే అనుకుంది.

ఒకరోజు ఆమె టిఫిను తెచ్చేసరికి, సన్యాసయ్య కుర్చీలో కూర్చుని ఎడం చెయ్యి గాలిలో ముందుకీ వెనక్కీ కదుపుతున్నాడు. చెయ్యి మధ్యలో ఆగిపోయింది.

"తల్లీ, మూడో గేరు పైకా, కిందకా?" అన్నాడు.

పైడితల్లి ఉప్మా పళ్ళెం బల్ల మీద పెట్టేసింది. నాన్న తన పేరు మర్చిపోయినా అంత భయపడేది కాదేమో. ముప్పై ఏళ్ళు చేసిన పనిని చేతులే మర్చిపోతుంటే, ఇక ఆ మనిషిలో ఏం మిగులుతుంది? నాన్న చేతులకు మళ్ళీ గేరు అందించాలి, అనుకుంది.

ఇప్పుడు పైడితల్లి సంగతి విను. ఆ పిల్ల మీసేవ కేంద్రంలో పని చేసేది. ఇంట్లో ఆమె చదువుకునేటప్పటి కంప్యూటర్ ఒకటి ఉంది. అందులో లారీ నడిపే ఆట ఒకటి ఎక్కించింది. దానికి తగ్గ స్టీరింగు, కాళ్ళ కింద మూడు పెడళ్ళు, పక్కన గేరు రాడ్డు తెప్పించి, బల్లకు బిగించింది. ఆటలో కాలు తడబడినా ఎవరికీ దెబ్బ తగలదు కదా.

సన్యాసయ్య కొత్త పెళ్ళికొడుకులా తలదువ్వుకుని వచ్చి కూర్చున్నాడు. ఆట మొదలైంది. అప్పుడేమైందంటే, రోడ్డు సాఫీగా రాలేదు, గెంతుతూ వచ్చింది. అక్కడెక్కడో కనిపించిన చెట్టు, మధ్య దూరం లేకుండానే ముఖం మీదికి వచ్చేసింది. కొండ మలుపు దగ్గర బొమ్మ బిగుసుకుపోయింది. మళ్ళీ కదిలేసరికి లారీ లోయలో ఉంది.

ఆయనకు కళ్ళు తిరిగాయి. మరునాడు మళ్ళీ కూర్చున్నాడు, మళ్ళీ కళ్ళు తిరిగాయి. మూడో నాడు స్టీరింగు మీద తువ్వాలు కప్పేశాడు.

"ఇది బండి కాదు తల్లీ, తీర్థంలో రంగులరాట్నం" అన్నాడు.

ఎందుకలా గెంతిందో చెప్పనా? కంప్యూటర్ పెట్టెను క్యాబినెట్ అంటారు. దాని లోపల ఒక చిన్న సంసారం ఉంటుంది. ప్రాసెసర్ అని ఇంటి పెద్ద ఒకడు, ఏ పని ఎప్పుడు జరగాలో చెప్తాడు. గ్రాఫిక్స్ కార్డు అని బొమ్మలు గీసేవాడు ఒకడు. నువ్వు ఒక్కసారి రెప్ప వేసేలోపు వాడు పదిహేను బొమ్మలు గీస్తాడు, అందుకే రోడ్డు నీళ్ళలా జారుతుంది. ఇంకోటి ఉంది, వంటకు కావలసినవన్నీ చేతికందేలా పరుచుకునే గట్టు లాంటిది. దాని పేరు... ఏమిటది పండూ? ర్యామ్. ఆ, ర్యామ్.

పైడితల్లి కంప్యూటర్‌లో బొమ్మలు గీసేవాడు లేడు. ఆ పని కూడా ఇంటి పెద్దే తీరిక చేసుకుని చేసేవాడు. ఉత్తరాలూ ఫారాలూ అయితే నెగ్గుకొచ్చాడు. కొండ, లోయ, వాన, ఎదురొచ్చే లారీలు గియ్యమంటే ఎక్కడ గీస్తాడు?

అప్పుడు పైడితల్లి బస్సెక్కి విశాఖపట్నం వెళ్ళింది. అక్కడ కంప్యూటర్లు అమ్మే వీధిలో అన్నిటికన్నా పెద్ద దుకాణంలోకి పోయింది. అద్దాల వెనక కార్డులు పెళ్ళిపందిట్లో బల్బుల్లా మెరుస్తున్నాయి. మూడు ఫ్యాన్లున్న కార్డు ఒకటి చూపించి, ఇంతకు మించింది లేదు మేడమ్, అన్నాడు దుకాణదారు. ఆమె సరేనంది.

ఇంటికొచ్చి క్యాబినెట్ మూత తీసి పెట్టబోతే, కార్డు నాలుగు వేళ్ళ మేర బయటే ఉండిపోయింది. అటు తిప్పింది, ఇటు తిప్పింది, పట్టలేదు.

సన్యాసయ్య గుమ్మంలోంచి చూసి నవ్వాడు. "లారీ ఇంజను తెచ్చి ఆటోలో పెడతానంటావేటమ్మా."

ఆ కార్డు వెనక్కి ఇచ్చేసింది.

రెండోసారి, ముందు క్యాబినెట్ లోపల టేపు పెట్టి కొలుచుకుంది. ఆ పొడవుకు సరిపోయేదాన్ని, గట్టిదాన్ని తెచ్చింది. చక్కగా పట్టింది. ఆట మొదలైంది. ఘాట్ దగ్గరికి రాగానే టప్ మని కంప్యూటర్ మొత్తం ఆరిపోయింది. మళ్ళీ వేసింది. మళ్ళీ ఘాట్ దగ్గరే ఆరిపోయింది. కార్డుకు ఆకలెక్కువ. క్యాబినెట్‌లో కరెంటు పెట్టే పవర్ సప్లై చిన్నది.

"ఇంజను మార్చినావు, డీజిలు పైపు పాతదే ఉంచినావు. ఎక్కుడులో ఆగిపోక ఏటి చేస్తాది?" అన్నాడు సన్యాసయ్య.

"అన్నీ తెలిసిన మనిషివి, ముందే చెప్పొచ్చు కదా నాన్నా."

"నువ్వు అడిగినావా?"

ఆ కార్డూ వెనక్కి వెళ్ళింది. నాన్న మాటలు పైకి వేళాకోళమే అయినా, ఆయన ఇంకా తువ్వాలు తియ్యలేదని ఆమె చూసింది. గాలిలో చెయ్యి కదపడం కూడా మానేశాడు.

మూడోసారి పైడితల్లి పెద్ద దుకాణానికి పోలేదు. అదే వీధిలో మేడ మీద ఒక చిన్న గది ఉంది. అందులో సువార్తమ్మ అని ఒకావిడ కంప్యూటర్లు బిగించేది. చేతిలో స్క్రూడ్రైవరు, చెవి వెనక పెన్సిలు. కార్డులు అద్దాల వెనక లేవు, అట్టపెట్టెల్లో ఉన్నాయి.

"మంచి కార్డు కావాలి మేడమ్" అంది పైడితల్లి.

"మంచిది సరే. ఎవరికి?"

అలా అడిగినవాళ్ళు అంతవరకూ ఎవరూ లేరు. మా నాన్నకి, అంది పైడితల్లి. కాలి సంగతి చెప్పింది, గేరు సంగతి చెప్పింది, తువ్వాలు సంగతి చెప్పింది. సువార్తమ్మ స్క్రూడ్రైవరు కింద పెట్టి అంతా విన్నది. ఆ తర్వాత తను అడగడం మొదలుపెట్టింది. క్యాబినెట్ పొడవెంత? పవర్ సప్లై మీద ఏం రాసుంది? మానిటర్ ఎంత పెద్దది?

"మానిటర్ చిన్నదే మేడమ్."

"మరి చిన్న గోడకి సున్నం వెయ్యడానికి పదిమంది ఎందుకమ్మా? ఒక్కడు, పనిమంతుడు చాలు."

అని, రెండు ఫ్యాన్ల కార్డు ఒకటి తీసింది. చూడ్డానికి ఏ మెరుపులూ లేవు. దానికి సరిపడా కొత్త పవర్ సప్లై ఒకటి తీసింది. ఒక్క ర్యామ్ ఉన్నచోట జంటగా పెట్టుకోవడానికి ఇంకో ర్యామ్ తీసింది. ప్రాసెసర్ జోలికి పోవద్దంది. ఈ ఆటకు ఆ ఇంటి పెద్ద చాలునంది. తక్కువ కొనమని చెప్పే దుకాణం మనిషిని పైడితల్లి అదే మొదటిసారి చూడడం. ఏది ముందు బిగించాలో ఆవిడ కాగితం మీద బొమ్మలేసి మరీ ఇచ్చింది.

ఆదివారం పొద్దున్న పైడితల్లి నేల మీద దుప్పటి పరిచి, కాగితం ముందు పెట్టుకుని కూర్చుంది. పాత పవర్ సప్లై తీసింది, కొత్తది పెట్టింది. ర్యామ్ నొక్కింది, టిక్ మంది. కార్డు నొక్కింది, టక్ మంది. ఒక్క స్క్రూ కూడా కింద పడలేదు. క్యాబినెట్ ఎత్తి బల్ల మీద పెట్టి, వైర్లన్నీ ఎప్పటిలాగే తగిలించింది.

కంప్యూటర్ వెలిగింది. ఆరిపోలేదు. సన్యాసయ్యను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెట్టింది. తువ్వాలు తనే తీసింది.

రోడ్డు గెంతింది. అచ్చం మునుపటిలాగే, చెట్టు ముఖం మీదికి వచ్చింది.

అప్పుడు పైడితల్లి ఆ దుప్పటి మీదే కూలబడిపోయింది. మూడుసార్లు విశాఖపట్నం వెళ్ళొచ్చింది, పాపం. ఇంకెక్కడికి వెళ్ళాలి? మోకాళ్ళ మీద తల పెట్టుకుని, వల్ల కావట్లేదు నాన్నా, అంది.

సన్యాసయ్య స్టీరింగు వదిలి లేచాడు. మొద్దుబారిన కాలు ఈడ్చుకుంటూ క్యాబినెట్ దగ్గరికి వెళ్ళాడు. పక్క మూత ఇంకా పెట్టలేదు. ఆయన వంగి, చెవి దగ్గర పెట్టి, కళ్ళు మూసుకున్నాడు. ముప్పై ఏళ్ళు బానెట్ మీద ఎలా చెవి పెట్టాడో, అలా.

"ఆట ఆపకు. నడవనీ" అన్నాడు.

కాసేపు విన్నాడు. ఆ తర్వాత చెయ్యి చాచి, కొత్త కార్డు వీపు మీద వేళ్ళు ఆనించాడు.

"తల్లీ, దీని ఫ్యాన్లు తిరగడం లేదు. ఒళ్ళు చల్లగా ఉన్నాది. ఇంత కొండ ఎక్కుతున్న బండి చల్లగా ఉంటాదేటి? దీనికి లోడు అందలేదు. నువ్వు తెచ్చింది మంచిదే. దానికి ఎవరూ పని చెప్పలేదు, అంతే."

పైడితల్లి తలెత్తింది.

"టీవీలోకి బొమ్మ ఏ వైరులోంచి వస్తున్నాది? అది పట్టుకుని వెనక్కి రా" అన్నాడు.

మానిటర్‌ను ఆయన టీవీ అనేవాడులే. ఆమె ఆ వైరు పట్టుకుని, వేలితో తడుముకుంటూ క్యాబినెట్ వెనక్కి వచ్చింది. వైరు కొస పాత చోటే ఉంది. రెండో కార్డు తీసేసినప్పుడు వైరును మళ్ళీ అక్కడికే మార్చింది, ఈసారి ఇన్నేళ్ళ అలవాటు మీద అక్కడే గుచ్చేసింది. అది ఇంటి పెద్ద గీసిన బొమ్మలు బయటికొచ్చే దారి. కొత్తగా వచ్చినవాడి దారి కింద వేరే ఉంది. పాపం, వాడు చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

ఆమె వైరు పీకి, కార్డుకున్న దారిలో గుచ్చింది.

అప్పుడు చూడాలి పండూ. రోడ్డు జారుతూ వచ్చింది. చెట్లు ఒకదాని వెనక ఒకటి, వరుస తప్పకుండా వెనక్కి వెళ్ళాయి. వాన పడితే చినుకు చినుకూ కనిపించింది. లోపల రెండు ఫ్యాన్లూ తిరగడం మొదలుపెట్టాయి. సన్యాసయ్య ఆ చప్పుడు విని తలూపాడు.

"ఇప్పుడు మోస్తున్నాది" అన్నాడు.

ఘాట్ వచ్చింది. ఇంజను గొంతు బరువెక్కింది. పైడితల్లి ఆయన పక్కన, క్లీనరు కూర్చునే చోట, స్టూలు వేసుకుని కూర్చుంది. మొదటి మలుపు తిరిగాడు, రెండో మలుపు తిరిగాడు, మూడో మలుపు దగ్గర ఎదురుగా లారీ వస్తే పక్కకు ఆపి దారిచ్చాడు. కొండ మీదికి చేరాడు. ఇక దిగుడు. ఏ గేరులో ఎక్కాడో ఆ గేరులోనే మెల్లగా దించుకొచ్చాడు. బ్రేకు మీద భారం వెయ్యలేదు.

కింద చదును రోడ్డు రాగానే, ఆయన కళ్ళు రోడ్డు మీదే ఉన్నాయి, ఎడం చెయ్యి దానంతట అదే కదిలింది.

"నాన్నా, మూడో గేరు పైకా, కిందకా?" అంది పైడితల్లి.

"ఏమో తల్లీ, నన్నడగకు. అది చేతికి తెలుసు" అన్నాడు సన్యాసయ్య.

అప్పటికే వేసేశాడు.

ఆ తర్వాత ఆయన కళ్ళజోడు మర్చిపోతూనే ఉండేవాడు. మందు పైడితల్లి గుర్తు చేస్తూనే ఉండేది. కానీ రోజూ టిఫిను అయ్యాక తలదువ్వుకుని వచ్చి, ఒక లోడు దించేసి లేచేవాడు. సువార్తమ్మకు సాలూరు నుంచి మామిడిపళ్ళ బుట్ట వెళ్ళింది. బుట్టలో చీటీ ఉంది. బండి బాగా లాగుతున్నాది అని, సన్యాసయ్య చేత్తో రాసిన చీటీ.

నేనూ కొన్ని మర్చిపోతున్నాను పండూ. ఈ కథలో ఎప్పుడైనా ఆ వైరు సంగతి వదిలేస్తే, నా చెయ్యి పట్టుకుని అక్కడికి తీసుకురా. అది లేకపోతే కథకు లోడు అందదు.

ఒకటో గేరు వాకిట్లో,
రెండో గేరు వీధుల్లో,
మూడో గేరు చేతుల్లో,
చెయ్యి మరవదు చీకట్లో.
లారీ ఎక్కి కథ కంచికి,
రెప్పలు దిగి కళ్ళు ఇంటికి.