కాడిలో గొణుగుడు

పేరిరెడ్డి కొట్టంలో రెండు కోడెలు ఉండేవి. నుదుట మచ్చ ఉన్నదాన్ని మచ్చోడు అనేవారు. కొమ్ము పక్కకు తిరిగినది వంకరకొమ్ము. రెండింటికీ ఒకే కాడి. రెండు పళ్లు వేసిన వయసు. మన వైపు బండలాగుడు పందేల్లో కోడె వయసును నోరు తెరిచి పళ్లు చూసి తేలుస్తారు. రెండు పళ్ల జతలకు పందెం వేరేగా ఉంటుంది, ఇవి దిగేది అందులోనే.

మొదటి పందెంలోనే మచ్చోడు నడిబరిలో మోకాళ్ల మీద కూలబడింది. జనం ఈలలేశారు. "దానికి మంచం వెయ్యండ్రా, పడుకుంటుంది!" అని ఎవడో అరిచాడు. ఇంటికొచ్చాక మచ్చోడు గోడవైపు తిరిగి నిలబడింది. ఉలవలు పెడితే ముట్టలేదు.

పేరిరెడ్డి గడ్డం గోక్కుంటూ పెళ్లాంతో అన్నాడు. "వచ్చే ఆదివారం పందెంలోనూ ఇదే తంతయితే మచ్చోణ్ణి సంతకు తోలేస్తా. నిలబడిందా, ఈ జతతోనే బీడు దున్నిస్తా."

ఆ మాట మచ్చోడు వింది. కొట్టం వెనక కంపచాటున నక్క కూడా వింది. బీడులోనే దాని బొరియ. అందులో ఇంకా కళ్లు తెరవని పిల్లలు.

నక్క మెల్లగా చేరింది. "ఏం అల్లుడా, ఉలవలు చేదా?"

"ఏ మొహం పెట్టుకుని తినమంటావు మామా?"

"పిచ్చోడా! సిగ్గు తగలకుండా ఉండే ఉపాయం నా దగ్గరుంది. జనం అనబోయే మాట నువ్వే ముందు అనేసుకో. 'నా వల్ల కాదు, నేనింతే' అని పొద్దస్తమానం అనుకుంటూ ఉండు. నువ్వే అనేసుకున్నాక వాళ్లకు అనడానికి ఏం మిగులుతుంది?"

"అట్లా అనుకోవచ్చా మామా?"

"దాన్నే అణకువ అంటారు. బుద్ధిమంతులకు ఉండేది అదే."

మచ్చోడికి ఆ మాట పుండు మీద వెన్న రాసినట్టు హాయిగా ఉంది. ఇక మేత దగ్గర, నీళ్లతొట్టి దగ్గర, కాడి కింద అదే గొణుగుడు.

ఆదివారం వచ్చింది. కాడి ఎత్తారు, బండ తగిలించారు. "నా వల్ల కాదు," అంటూనే మచ్చోడు కదిలింది. "నేనింతే," అంటూ రెండో అడుగు వేసింది. అన్నకొద్దీ కాళ్లలో సత్తువ జారిపోతోంది. మలుపు దగ్గర బండ ఆగిపోయింది. జనంలో ఈల లేచింది.

"ఏందిరా తమ్ముడూ ఆ గొణుగుడు, చెవిలో దోమలాగా?" అంది వంకరకొమ్ము రొప్పుతూ.

"నన్ను నేనే తిట్టుకుంటున్నా అన్నా. నిన్నేమీ అనలేదు."

"నువ్వు తిట్టుకున్నప్పుడల్లా అడుగు వెనక పడుతున్నావు. కాడి ఒరిగి నా మెడకొస్తోంది. ఇటు చూడు."

చూసింది. అన్న మెడ మీద చర్మం లేచి నెత్తురు చెమ్మగిల్లుతోంది. మొన్నటి ఈలల సిగ్గు ఈ సిగ్గు ముందు ఎందుకూ కొరగాకుండా పోయింది. ఇన్నాళ్లూ అణకువ అనుకుంటూ నా బరువంతా అన్న మీదకు తోశానా!

"మరేమనుకోమంటావు? గెలుస్తానని నా నోటికి రాదు."

"గెలుస్తావని నేనన్నానా? జరిగిందే చెప్పుకో. రాళ్లచేలో నాగలి ఇరుక్కుంటే లాగిందెవడు?"

"నేనే... నువ్వూ."

"ఆ మాట చెప్పుకో. చెప్పుకుని అడుగెయ్యి. అంతకన్నా పెద్ద కబుర్లు మనకెందుకు?"

"రాళ్లచేలో లాగాను. ఈ కాళ్లతోనే లాగాను. ఇంకో అడుగు," అంది మచ్చోడు. కాడి సమంగా నిలిచింది. బండ గరగరమంటూ మలుపు తిరిగింది.

బహుమతి వీటికి రాలేదు. పొరుగూరి జత తన్నుకుపోయింది. అయితే పందెం ముగిసిందని ఈల ఊదేదాకా మచ్చోడి మోకాలు నేలకు ఆనలేదు. పేరిరెడ్డి దాని వీపు చరిచి, "రేపు బీడు మొదలెడదాం," అన్నాడు.

సాయంత్రం నక్క పరామర్శకు వచ్చింది. "అయ్యో అల్లుడా! సంతకెప్పుడు?"

మచ్చోడు అన్న మెడ నాకుతోంది. తలెత్తకుండానే, "సంత లేదు మామా. తెల్లారి బీడు దున్నాలి," అంది.

"బీడా? నా పిల్లలు అందులోనే..." నక్క నోరు జారింది.

"ఓహో, అందుకా మావాడికి అణకువ నేర్పావు!" అని వంకరకొమ్ము కొమ్ములు విసిరింది.

నక్క చెవులు వాలిపోయాయి. మచ్చోడికి నవ్వు రాలేదు, కోపమూ రాలేదు. "నువ్వు చెప్పావు సరే, నేను అనుకున్నాను కదా. పో మామా, పిల్లల్ని ఇప్పుడే తరలించు. తూర్పు గట్టు నుంచి చాలు వేస్తాం," అంది.

ఎంతటివాడికైనా ఎదురు మాట చెప్పే నక్క ఆ పూట తోక ముడుచుకుని వెళ్లి, ఒక్కో పిల్లనూ నోట కరచుకుని వాగు దాటింది. నోట్లో పిల్ల ఉండగా మాటకు చోటేది?

తన్ను తాను తక్కువ చేసుకునేవాడు తన బరువును పక్కవాడి మెడకెత్తుతాడు.