వేడికి మూసుకున్న చీలిక

నల్లరాతి నేలల్లో బావులు తవ్వే ఓబులేసు పనిలో మొనగాడే గానీ, కాసేపు ఆగమంటే మాత్రం అతనికి ప్రాణసంకటంగా ఉండేది.

ఒక ఏడు అతను తమ్ముడు మద్దిలేటితో కలిసి ఒక పాడుబడ్డ బావి పక్కనే కొత్త బావి తవ్వుతున్నాడు. వానలకు పాత బావి నిండుగా ఉంది. కొత్త బావిలో పెద్ద బండ అడ్డు తగిలింది. దాని చీలికలోంచి పాత బావి నీళ్ళు సన్నగా ఊరుతూ పని సాగనిచ్చేవి కావు. బండ పగలడం కోసం అన్నదమ్ములు దానికి ఆనించి తుమ్మ మొద్దులు పేర్చి మంట వేశారు.

తెల్లారేసరికి పొగ పోయింది. ఊట కూడా ఆగిపోయింది. ఓబులేసు పొంగిపోయాడు. ఇక నీళ్ళు తోడే బాధ తప్పిందని, వెంటనే దిగమని తమ్ముణ్ణి తొందరపెట్టాడు.

వాళ్ళ పనిలో ఒక పద్ధతి ఉండేది. మంట వేశాక తడి గోనెను తాడుతో దించి బండకు తాకించాలి. అది తడిగా తిరిగి వస్తేనే మనిషి దిగాలి. ఓబులేసు భార్య సుంకమ్మ గోనె దించింది. అది ఎండిపోయి, వేడిగా పైకి వచ్చింది.

"రాయి ఇంకా కాలుతానే ఉండాది. వేడికి ఉబ్బి చీలిక మూసుకుందంతే. చల్లారితే మళ్ళా తెరుచుకుంటాది, ఈసారి ఇంకా పెద్దగా," అంది సుంకమ్మ.

ఓబులేసు నవ్వేశాడు. గోనె మాట వింటూ కూర్చుంటే బావి తవ్వినట్టేనన్నాడు. అన్న మాట కాదనలేక మద్దిలేటి నడుముకు తాడు కట్టుకుని దిగాడు.

కాసేపటికి కింద టప్ టప్‌మని చప్పుడైంది. పలుగు పని మొదలైందని ఓబులేసు సంతోషించాడు.

"అన్నా, నేనింకా పలుగే పట్టలేదు," అని కింది నుంచి అరిచాడు మద్దిలేటి. "బండే పగులుతాంది."

ఓబులేసు తాడు అందుకునేలోగా చీలిక నోరు తెరిచింది. పాత బావి నీళ్ళు ఒక్కసారిగా విరుచుకుపడ్డాయి. ఊడిన రాయి ఒకటి మద్దిలేటి పాదం మీద పడింది. ఆలుమగలు ఎంత లాగినా తాడు కదల్లేదు. నీళ్ళు అతని మెడ దాకా వచ్చాయి. తర్వాత తల కూడా కనబడలేదు. అరుపు ఆగిపోయింది. ఓబులేసు అరచేతుల తోలు లేచిపోతున్నా తాడు వదల్లేదు.

చివరికి రాయి దొర్లి తాడు కదిలింది. మద్దిలేటి ఊపిరితోనే పైకి వచ్చాడు గానీ, నలిగిన పాదం మళ్ళీ బాగుపడలేదు. తమ్ముడు కుంటుతూ నడిచినప్పుడల్లా ఓబులేసు తల దించుకునేవాడు. ఆ తర్వాత తడి గోనె తడిగా తిరిగి రానిదే ఎవరినీ బావిలో దిగనిచ్చేవాడు కాదు.

నీతి: ఆపద కనబడనంత మాత్రాన తొలగిపోయినట్టు కాదు; ఆగి, సరిచూసుకున్నాకే అడుగు వేయాలి.