నెయ్యి ఎక్కువైన పది రోజులు

ఒకానొక రాజ్యంలో మహీధర భూపతి అనే రాజు ఉండేవాడు. ఆయనకు తన గొప్ప తాను వినడమంటే మహా సరదా. తుమ్మితే దండోరా, దగ్గితే శాసనం. అయినా మనసు చెడ్డది కాదు. మగదిక్కు లేని బాలింతలకు వారానికి కుంచెడు బియ్యం కోట కొట్టు నుంచి కొలిపించేవాడు. జనం వాటిని తల్లుల బియ్యం అనేవాళ్లు. రాజు మాత్రం 'మా దయ' అనేవాడు.

ఆ ఆస్థానంలో కేదార శాస్త్రి పెద్ద పండితుడు. రాజమందిరంలో నిత్యం శివపూజ చేసేది ఆయనే. భార్య పోయినప్పుడు, జన్మలో మరో పెళ్లి చేసుకోనని నిండు సభలో ఒట్టు పెట్టుకున్నాడు. రాజు పొంగిపోయి 'జితేంద్రియ సార్వభౌమ' అని బిరుదిచ్చి, కాలికి బంగారు గండపెండేరం తొడిగాడు. అప్పటినుంచి వీధిలో ముందు పెండేరం చప్పుడు వచ్చేది, ఆ వెనక శాస్త్రి వచ్చేవాడు.

మడి ఆచారాల్లో మాత్రం ఆయన నిప్పు. పిల్లి తగిలితే మళ్లీ స్నానం, తుమ్ము వినబడితే మళ్లీ సంకల్పం. నైవేద్యంలో నెయ్యి వెయ్యాల్సి వస్తే మటుకు చెయ్యి సాగేది కాదు. చక్రపొంగలికి నెయ్యి చూపించి, గిన్నె పక్కన పెట్టేసేవాడు.

ఈ నెయ్యి సంగతి అందరికన్నా బాగా తెలిసినవాడు తిప్పన్న. సభలో నవ్వించడం అతని ఉద్యోగం. ప్రసాదం పంచే చోట ముందు నిలబడటం అతని వ్రతం.

ఒకనాడు శాస్త్రి సభలో లేచి గొంతు సవరించుకున్నాడు. "ప్రభూ! తమ బియ్యం తిని ఎవరి బిడ్డలో పెరుగుతున్నారు. కన్నవాడు మీసం తిప్పుకు తిరుగుతున్నాడు. ఇకనుంచి బియ్యం పుచ్చుకున్న ప్రతి తల్లీ సభకు వచ్చి బిడ్డ తండ్రి పేరు చెప్పాలి. రుజువైతే వాడు ఇన్నాళ్ల బియ్యమూ కొట్టుకు తిరిగి కొలవాలి, బిడ్డకు ఈడు వచ్చేదాకా పోషించాలి. రుజువు కాకపోతే ఆ తల్లికి బియ్యం ఆపాలి."

మాటలో న్యాయం లేకపోలేదు. కొట్టు నిండుతుందన్న ఆశ కూడా కలిసి, రాజు అప్పటికప్పుడే దండోరా వేయించాడు.

మరుసటి శుక్రవారం తల్లులు ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. మూడో పిలుపుకి ఒక ఇరవై ఏళ్ల అమ్మాయి, చంకలో నాలుగు నెలల ఆడపిల్లతో వచ్చి నిలబడింది. పేరు కామాక్షి. ఆమెను చూడగానే శాస్త్రికి తేలు కుట్టినట్టయింది. ఆమె ఏటి అవతలి పల్లెలోనే ఉందనుకున్నాడే గాని, తిండికి లేక పట్నం చేరిందని ఆయనకు తెలియదు.

"బిడ్డ తండ్రి ఎవరమ్మా?" అని అడిగాడు రాజు.

కామాక్షి బిడ్డను ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుంది. "ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు ప్రభూ. చెప్పకపోతే బియ్యం ఆపుతామన్నారు. నాకు పాలు ఎండిపోతే ఇది బతకదు. అందుకని చెబుతున్నాను. అదిగో, ఆయనే" అని శాస్త్రి వైపు చూపించింది.

సభ గొల్లుమంది. శాస్త్రి పెండేరం ఘల్లుమనేలా కాలు నేలకేసి కొట్టాడు.

"ఎంత మాట! నేను జితేంద్రియుణ్ణి! సాక్షి ఎవరు?"

"ఏటి ఒడ్డు శివాలయంలో తాళి కట్టారు. పూజారి తాతగారు కట్టించారు. ఆయన మొన్న సంక్రాంతికి ముందే కాలం చేశారు."

"చూశారా ప్రభూ! చచ్చినవాణ్ణి సాక్షి అంటోంది. శాసనం ప్రకారం ఈమెకు బియ్యం ఆపించండి. పండితుణ్ణి నిందించినందుకు ఊరు కూడా దాటించండి."

కామాక్షి బిడ్డను గుండెలకు అదుముకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి గాని కింద పడనివ్వలేదు. రాజుకు పాపం అనిపించింది. కానీ శాసనం తనదే, దండోరా తనదే. మింగలేక కక్కలేక చుట్టూ చూశాడు.

అప్పుడు తిప్పన్న లేచాడు. "అమ్మా, పాప ఎప్పుడు పుట్టింది?"

"రథసప్తమి మర్నాడు, తెల్లవారుజామున."

"ఆయనకు కబురు పంపావా?"

"ఆ రోజే పాలమ్మే ఆవిడ చేత పంపాను. వినీ విననట్టు లోపలికి వెళ్లిపోయారట."

తిప్పన్న వేళ్ల మీద ఏవో రోజులు లెక్క పెట్టుకున్నాడు. పెదవి మీద నెయ్యి తుడుచుకుంటున్నట్టు ఓసారి మూతి తుడుచుకున్నాడు. తర్వాత ముఖం గంభీరంగా పెట్టి రాజు వైపు తిరిగాడు.

"ప్రభూ, బిడ్డ మాట తర్వాత చూద్దాం. నాకు తమ గురించే బెంగగా ఉంది. ఈ అమ్మ చెప్పింది ఒకవేళ నిజమే అనుకోండి. అప్పుడు రథసప్తమి మర్నాటి నుంచి పది రోజులు శాస్త్రిగారికి పురుటి మైల. ఆ మైలలోనే ఆయన దేవుణ్ణి ముట్టుకున్నారు, ఆ చేత్తోనే తమకు తీర్థం పోశారు. తమరు కళ్లకద్దుకుని పుచ్చుకున్నారు. ఆ నెలలోనే గదా తమ పట్టపుటేనుగు కుంటిదైంది!"

రాజు ముఖం నల్లబడింది. అరచేయి పంచెకేసి రుద్దుకున్నాడు. సభలో తీర్థం తాగినవాళ్లందరూ ఉత్తరీయాలతో చేతులు తుడుచుకోసాగారు.

"మైల తీర్థమా? మాకా?" అని గర్జించాడు రాజు.

అబద్ధాలకోరు అంటే శాస్త్రి ఓర్చుకునేవాడేమో. మడి తప్పాడన్న మాట మాత్రం ఆయన ఒంటికి నిప్పంటించింది. ఒక్క గెంతులో సభ మధ్యకు వచ్చాడు.

"శివ శివ! ఏడు తరాల శ్రోత్రియ వంశం మాది! నేను మైలతో దేవుణ్ణి తాకుతానా? ఆ పది రోజులూ పూజామందిరం గడప తొక్కలేదు! భీష్మ ఏకాదశి నాడు కూడా తొక్కలేదు! పూజంతా నా శిష్యుడే చేశాడు, పిలిచి అడగండి! పదకొండో నాడు తలస్నానం చేసి, పుణ్యాహవచనం చేయించుకుని, జంధ్యం మార్చుకున్నాకే గంట ముట్టుకున్నాను!"

"అవును ప్రభూ, నిజమే" అన్నాడు తిప్పన్న తాపీగా. "ఆ పది రోజులూ నాకు బాగా గుర్తు. శిష్యుడి చెయ్యి ధారాళం. చక్రపొంగలి తింటే మోచేతి దాకా నెయ్యి కారేది. శాస్త్రిగారికి ఏమైందని అడిగితే, పెండేరం బరువుకి కాలు వాచిందన్నారు. ఇప్పుడు నా సందేహం ఒక్కటే. కాలు వాస్తే జంధ్యం ఎందుకు మార్చారు శాస్త్రిగారూ?"

శాస్త్రి చెయ్యి దానంతటదే భుజం మీది జంధ్యం మీదికి పోయింది.

"గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నాడు!" అని వెనకనుంచి ఎవరో అన్నారు.

శాస్త్రి మెల్లగా కూలబడ్డాడు. "బిరుదు పోతుందని భయపడ్డాను ప్రభూ" అన్నాడు. నాకైతే ఆ క్షణాన ఆయన మీద కాస్త జాలే కలుగుతుంది. మనుషుల ముందు దాచాడు గాని, దేవుడి ముందు దాచడానికి ఆయనకు చేతకాలేదు.

తిప్పన్న కూడా అదే అన్నాడు. "భార్య కాకపోతే పురుడు పాటించరు. బిడ్డ కాకపోతే పదకొండో నాడు శుద్ధి చేసుకోరు. పూజారి తాతగారు లేకపోతేనేం ప్రభూ, శాస్త్రిగారే శాస్త్రిగారికి సాక్షి."

"మరి మేమిచ్చిన బిరుదు?" అన్నాడు రాజు ఉక్రోషంగా. "జితేంద్రియుడని ఊరంతా చాటించామే!"

"బిరుదుకేం లోటు లేదు ప్రభూ. ఇంద్రియాలన్నీ గెలవబోతున్నారు. ప్రస్తుతానికి నాలుక ఒక్కటి చేజారింది."

రాజు ఆపుకుందామని చూశాడు. మీసాలు అదిరాయి, బుగ్గలు ఉబ్బాయి. చివరికి సింహాసనం కిర్రుమనేలా పడీపడీ నవ్వాడు.

శాస్త్రి పెట్టించిన శాసనమే శాస్త్రికి అమలైంది. నాలుగు నెలల బియ్యం కొట్టుకు తిరిగి కొలవాలి. బిడ్డ పోషణ ఇకనుంచి ఆయనది. గండపెండేరం కరిగించి పాపకు మొలతాడు, మురుగులు చేయించమన్నాడు రాజు. తర్వాత తిప్పన్నను ఏం కావాలో కోరుకోమన్నాడు.

"రెండు కోరికలు ప్రభూ. ఇకమీదట ఆకలితో వచ్చిన తల్లికి ముందు బియ్యం కొలిపించండి, తండ్రి పేరు తర్వాత తీరుబడిగా అడగండి. రుజువు దొరకకపోయినా కుంచం ఆపకండి. రెండోది, చక్రపొంగలి శిష్యుడి చేతే చేయించండి."

రాజు రెండూ ఒప్పుకున్నాడు. పైగా మొదటిది తనకే తట్టినట్టు ఆ సాయంత్రమే దండోరా వేయించాడు.

మంచి రోజు చూసి పాపకు బారసాల చేశారు. పళ్లెంలో బియ్యం పరిచి, తండ్రి ఉంగరంతో పేరు రాయాలి. కామాక్షి తన సంచిలోంచి తల్లుల బియ్యమే తీసి పరిచింది. "ఇన్నాళ్లూ దీన్ని సాకినవి ఇవే. వీటి మీదే రాయండి" అంది.

శాస్త్రి ఉంగరంతో 'అన్నపూర్ణ' అని మూడుసార్లు రాశాడు. పాప ఆ బియ్యం గుప్పిట్లోకి లాక్కుని ఆయన మీదే చల్లింది. ఆయన పంచె దులుపుకోలేదు, లేచి స్నానానికి పరుగెత్తలేదు. పాప కాళ్లు రెండూ పట్టుకుని కళ్లకద్దుకున్నాడు.

"ఇంటికి వచ్చెయ్యి కామాక్షీ" అన్నాడు గొంతు తగ్గించి.

కామాక్షి పాపను అందుకుంది. ముఖంలో చాలా రోజులకు నవ్వు కనిపించింది.

"ముందు బియ్యం రానివ్వండి. ఇంటి మాట తర్వాత తీరుబడిగా మాట్లాడుకుందాం" అంది.