నాయుడు దాచిపెట్టిన టైర్లు

తాయారమ్మగారిని ఎవరైనా ప్రశ్న అడిగితే "విన్నాను" అనేవారు. అంతే, ఆ పూటకి జవాబు లేదు. రెండు రోజులకో మూడు రోజులకో వంటింట్లోనో, వాగు దాటుతున్నప్పుడో ఏదో ఒకటి జరిగేది. అప్పుడు ఆవిడ ఒక మాట అనేవారు, అడిగినవాడికి తను అడిగింది గుర్తొచ్చేది. చింతపల్లి కొండల మీద ఉన్న ఆ ఆశ్రమంలో అందరికీ ఇది అలవాటే. ఓపిక లేనివాళ్ళు కొండ దిగి వేరే గురువుల్ని చూసుకునేవాళ్ళు. జవాబులు తయారుగా పెట్టుకుని కూర్చున్న గురువులకి దిగువన కరువేమీ లేదు.

నీలాద్రి మాత్రం పదకొండేళ్ళు ఆవిడ దగ్గరే ఉన్నాడు. ఒకప్పుడు కాలేజీలో తర్కం చెప్పిన మనిషి. అలాంటివాడికి సందేహాలు తక్కువగా ఉంటాయని ఎవరూ అనుకోరు. వచ్చే శుక్రవారం అతను కొండ దిగి, దిగువన కొత్తగా పెట్టిన శాఖలో తాయారమ్మగారి బోధను తన నోటితో చెప్పడం మొదలుపెట్టాలి. ఆ సోమవారం పొద్దున్నే వచ్చి అడిగాడు.

"అమ్మా, ఒకరిని మనసారా నమ్మాక, వాళ్ళ మాటని మళ్ళీ పరీక్షించి చూడటం నమ్మకద్రోహం కాదా?"

"విన్నాను" అన్నారు తాయారమ్మగారు. "జీపుకి టైర్లు మార్చాలి. నువ్వూ రా."

ఆ జీపు సంగతి చెప్పాలి. కొండ మీద గూడేల్లో నెలలు నిండిన ఆడవాళ్ళని ఆసుపత్రికి దింపేది అదొక్కటే. దారిలో ఇరవై ఆరు మలుపులు, ఒకవైపు లోయ. టైర్లు అరిగి బోడిగుండులా అయ్యాయి. వానలు మొదలయ్యాయి. ముత్తెమ్మ అనే కోడలు పిల్లకి ఆ వారంలోనే కాన్పు అని నర్సు చెప్పింది. మొదటి కాన్పు పోయింది, ఇది రెండోది. ముత్తెమ్మ అత్త రోజూ వచ్చి జీపు చుట్టూ తిరిగి చూసి వెళ్ళేది.

టైర్ల దుకాణం కన్నంనాయుడుది, నర్సీపట్నం వెళ్ళే రోడ్డు మీద. నాయుడు తాయారమ్మగారికి పరమభక్తుడు. ఆవిడ నిక్షేపంలా తిరుగుతుండగానే ఫొటోకి దండ వేసి గల్లాపెట్టె మీద పెట్టుకున్నాడు. అలా వేయకూడదని ఎవరో చెబితే, దండ తీసి చుట్టూ పూలు పేర్చాడు. అమ్మగారి జీపుకి నాలుగు టైర్లూ తనే ఉచితంగా ఇస్తానని కబురు పెట్టాడు. వీళ్ళు వెళ్ళేసరికి తలస్నానం చేసి, కొత్త పంచె కట్టి, వాకిట్లో పీటల మీద నాలుగు టైర్లు నిలబెట్టి ఉన్నాడు. నల్లగా నిగనిగలాడుతున్నాయి. ఒక్కొక్కదానికీ పసుపు రాసి, కుంకుమబొట్టు పెట్టి, ముందు నిమ్మకాయలు ఉంచాడు. చూస్తే చేతులు జోడించాలనిపించేలా ఉన్నాయి. నీలాద్రి నిజంగానే జోడించాడట.

డ్రైవర్ అప్పలకొండ జాకీ తీసుకుని వచ్చాడు. తాయారమ్మగారు ఆగమన్నట్టు చెయ్యెత్తారు. మోకాళ్ళ నొప్పుల మనిషి, గోడ పట్టుకుని మెల్లగా నేల మీద కూర్చుని, మొదటి టైరు పక్కభాగం మీద బొటనవేలితో తడుముకుంటూ పోయారు. నీలాద్రికి తల కొట్టేసినట్టయింది. దానమిచ్చిన గోవుకి పళ్ళు పట్టి చూసినట్టు, అంత భక్తుడి ముందు అమ్మగారు ఇదేం పని అనుకున్నాడు. ఆవిడ వేలు పసుపు దగ్గర ఆగింది.

"ఒక తడిగుడ్డ ఇయ్యి, నాయుడూ."

తడిగుడ్డతో ఆవిడ బొట్టు తుడిచేశారు. అప్పలకొండ ఉండబట్టలేకపోయాడు.

"ఏటమ్మా, బొట్టు సెరిపేత్తన్నారు! సుభమా అని బండికి ఏసుకుంతన్నాం కదా."

"నువ్వు నేర్పిందే కదా, అప్పలకొండా. టైరు ఎవరిచ్చినా పుట్టిన తేదీ చూడకుండా ఎక్కించొద్దని చెప్పావు. భక్తులిస్తే చూడక్కర్లేదని చెప్పలేదు."

అది నిజమే. రెండేళ్ళ కిందట ఒకనాడు దారిలో జీపు ఆగిపోతే, ఆవిడ బండరాయి మీద కూర్చుని, అప్పలకొండ దగ్గర టైర్ల విద్య అంతా శ్రద్ధగా నేర్చుకున్నారు. వేదాంతం చెప్పే మనిషి డ్రైవరు దగ్గర పాఠం వింటూ మధ్యమధ్య మళ్ళీ చెప్పమని అడగటం చూసి దారినపోయేవాళ్ళు నవ్వారట. నవ్వినవాళ్ళలో ఎంతమందికి తమ బండి టైరు వయసు తెలుసో నాకు అనుమానమే.

పసుపు పోయిన చోట కోడిగుడ్డు ఆకారంలో చిన్న గడి, అందులో నాలుగంకెలు. బొట్టు పెట్టడానికే చేసినట్టు ఉంటుంది ఆ గడి, నాయుడు అందుకే అక్కడ పెట్టాడు. ఆవిడ అద్దాలు తెచ్చుకోలేదు.

"చదువు, నాయుడూ."

నాయుడు వంగి చూశాడు. "నలభై... పదిహేను" అన్నాడు. ఆ మాట అంటూనే అతని మొహం పాలిపోయింది. ముందు రెండంకెలు వారం, వెనక రెండు సంవత్సరం. రోజుకి పదిమందికి అతను వివరించి చెప్పే సంగతే అది. రెండో టైరు బొట్టు అతనే తుడిచాడు, తరవాత మూడోది, నాలుగోది. నాలుగింటికీ తొమ్మిదేళ్ళు దాటాయి. వాడకుండా దాచినా రబ్బరు అన్నేళ్ళు ఆగదు. అప్పలకొండ ఒకదాన్ని మోకాలితో అదిమిపట్టి వంచాడు. టైరు గాడుల అడుగున సన్నని పగుళ్ళు, ఎండిన చెరువులో బురదలా, బయటపడ్డాయి.

మోసమని నీలాద్రి పళ్ళు కొరికాడు. మోసం కాదు. నాయుడు అక్కడే కూలబడి ఏడుస్తూ చెప్పాడు.

"దుకాణం పెట్టిన ఏడు వచ్చిన మొదటి సరుకు తల్లీ ఇది. ఈ నాలుగూ అమ్మగారికే అని ఆనాడే మొక్కుకున్నాను. ఎవరడిగినా అమ్మలేదు. ఒక్కనాడు రోడ్డు తగలనివ్వలేదు. ఏటా దసరాకి తీసి, తుడిచి, నూనె రాసి, పసుపూ కుంకుమా పెట్టి మళ్ళీ దాచాను. ఊరందరికీ అంకెలు చూసి ఇచ్చినోణ్ణి, వీటికి మాత్రం చూడలేదు. మీవి కదా అని చూడలేదు."

ఆ మాటకి తాయారమ్మగారి కళ్ళూ చెమర్చాయి. దాచుకోలేదు ఆవిడ, కొంగుతో తుడుచుకున్నారు. అంత భక్తి ఎదురుగా ఏడుస్తుంటే నాలాంటివాడైతే ఆ టైర్లే ఎక్కించుకుని, దేవుడే చూసుకుంటాడని ఇంటిదారి పట్టేవాడు. ఆవిడ నాయుడి భుజం మీద చెయ్యి వేశారు.

"నాయుడూ, నేనెవరో నీకు తెలియదనుకో. ఈ రోడ్డున పోతూ, ఘాట్ మీద తిరిగే బండికి టైర్లు కావాలని నీ కొట్టుకి వచ్చాను. ఏవి ఇస్తావు?"

నాయుడు ఒక్క క్షణం ఆవిడ మొహంలోకి చూశాడు. కళ్ళు తుడుచుకుని లేచి, లోపలికి వెళ్ళి వేరే నాలుగు దొర్లించుకుంటూ వచ్చాడు. వాటికి పసుపూ లేదు, నూనె నిగనిగా లేదు. రెండు నెలల కిందట తయారైనవి. ఒక్కొక్కదాని అంకెలూ గట్టిగా చదివి వినిపించాడు, అప్పలకొండ ఒక్కొక్కటీ వేలితో తడిమి చూసి మరీ బిగించాడు. అంకెలున్న వైపు లోపలికి పోకుండా బయటికి కనబడేలా బిగించమన్నారు తాయారమ్మగారు. పాత నాలుగింటినీ ఇంకెవరి బండికీ ఎక్కకుండా నాయుడు తన చేత్తోనే కత్తి తెచ్చి కోశాడు. కోసిన ముక్కల్ని ఏం చేయమంటారని అడిగితే, "ఇంటికి పట్టికెళ్ళు. పూజకి పనికొస్తాయి, బండికే పనికిరావు" అన్నారావిడ.

శుక్రవారం తెల్లవారింది. కుండపోతగా వాన. ముత్తెమ్మకి నొప్పులు మొదలయ్యాయి. ఆమెనీ అత్తనీ వెనక సీట్లో కూర్చోబెట్టారు. నీలాద్రి కూడా అదే జీపులో దిగాలి, ఆవేళే అతని ప్రయాణం. అతని ట్రంకుపెట్టె ఎక్కిస్తుంటే తాయారమ్మగారు గొడుగు కింద నిలబడి అడిగారు.

"ఇంత బరువేమిటి, నాయనా?"

"మీ మాటలమ్మా" అన్నాడు నీలాద్రి. "పదకొండేళ్ళుగా రాసుకున్నవి. ఒక్కటీ మార్చలేదు, ఒక్కటీ పాడవనివ్వలేదు. పూజలో పెట్టుకుని దాచాను."

ఆవిడ పెట్టె మీద చెయ్యి వేసి, ఎంతో ప్రేమగా అతన్ని చూశారు. అప్పలకొండ ఇంజను వేశాడు.

"నాయుడు కూడా అలాగే దాచాడు" అన్నారు తాయారమ్మగారు. "జనాన్ని ఎక్కించే ముందు చూసుకో."