పట్టుతెరల వెనక పగలు

దీపానికి ఆముదమే దిక్కయిన రోజులవి. పొద్దు వాలితే మేఘగిరి విద్యాపీఠమంతా పిల్లల వల్లెలతో, కాలే వత్తుల వాసనతో నిండిపోయేదట. అలాంటి సాయంత్రాలు మళ్ళీ ఎక్కడొస్తాయి!

ఒక ఏడు వానల్లేక ఆముదం పంట పోయింది. కులపతి యజ్ఞనారాయణ భట్టుగారు పొదుపు మొదలుపెట్టారు, అదీ పిల్లల గదుల్లోంచి.

"వాళ్ళని వెన్నెల్లో చదువుకోమను," అన్నారు దీపాలు పెట్టే నాంచారితో.

"పరీక్షలు దగ్గరకొచ్చాయయ్యా. అక్షరాలు కనబడక ఏడుస్తున్నారు."

"దేవుడిచ్చిన వెలుతురుండగా నూనె దండగ. పో!"

ఆయన కొలువుగది కిటికీలకు మాత్రం మందపాటి పట్టుతెరలు. అవి ఎప్పుడూ మూసే ఉండేవి. అందుకని లోపల పట్టపగలే దీపాలు వెలుగుతుండేవి.

మర్నాడు మధ్యాహ్నం అతిథులతో ఆయన వచ్చేసరికి గదంతా చీకటి.

"ఏమే నాంచారీ, దీపాలేవీ?"

"కొండెక్కించానయ్యా. చిన్నపిల్లలకి చంద్రుడు చాలితే, పెద్దవారైన మీకు సూర్యుడు చాలడా?" అంటూ తెర మీద చెయ్యి వేసింది.

అతిథులు గొల్లున నవ్వారు. భట్టుగారి ముఖం ఎర్రబడింది.

"ఆగు! రాజుగారిచ్చిన తెరలవి. ఎండ తగిలితే పాడైపోవూ?"

"ఆ పిల్లల్ని తల్లులిచ్చారయ్యా. చీకట్లో వాళ్ళ కళ్ళు పాడైపోవూ?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. భట్టుగారు తనే వెళ్ళి తెరలు పక్కకు లాగారు. గదిలోకి ఎండ వచ్చింది. ఆముదం పిల్లల గదులకు పోయింది.

రెండేళ్ళకు ఆ పట్టు రంగంతా వెలిసిపోయిందట. మార్చమని ఆయన ఎప్పుడూ అడగలేదు.